రొయ్య జాతకం

2025 జులై 24న బ్రిటన్‌తో మన వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ సాయంత్రం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద బావ ఒక పోస్టరు పెట్టాడు: 'ఆక్వాకి ఇక పండగే'. మన రొయ్య మీద బ్రిటన్ వేసే సుంకం సున్నా అయిపోతుందని దాని సారాంశం. కింద వరసగా చప్పట్లు, జెండాలు. భీమవరం చుట్టుపక్కల మా వాళ్లలో చెరువుతో సంబంధం లేని ఇల్లు వెతుక్కోవాలి, కాబట్టి ఆ చప్పట్లను నేను తప్పుపట్టను. నెల దాటి మూడు రోజులయిందో లేదో, ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కింది. మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ అక్కడే. గ్రూపులో ఎవరూ కిక్కురుమనలేదు. మర్నాడు పొద్దున్న బావ ఒక్కడే మామూలుగా వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టాడు.

దసరాకి ఊరెళ్లినప్పుడు వదినతో మాటల్లో పడ్డాను. మా పెద్దమ్మ కోడలు. పన్నెండేళ్లుగా ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యలు ఒలుస్తోంది. వాళ్లకున్న ఎకరం లీజుకిచ్చేశారు, అందులో చెరువు ఇంకొకరిది. వారానికి ఆరు రోజులు వచ్చే ప్లాంటు వ్యాను ఆగస్టు తర్వాత మూడు రోజులే వస్తోందని చెప్పింది.

"టీవీలో పొద్దస్తమానం ఒప్పందం ఒప్పందం అంటన్నారు. మీరు ఆ కాయితాల పనే కదా చేసేది మరిదిగారూ, అందులో మా సంగతేవన్నా రాశారా?"

"రాశారొదినా, ఒక అధ్యాయమే ఉంది" అన్నాను.

"ఏవని?"

నేను చదవలేదు. హైదరాబాదులో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేస్తాను. సుంకాల పట్టికలు, సరుకు ఏ దేశానిదో తేల్చే ఆరిజిన్ రూల్స్ రాత్రుళ్లు కలలోకి వచ్చేంత చదివాను గానీ, కార్మికుల అధ్యాయం దాకా వెళ్లే అవసరం ఏ రోజూ రాలేదు. ఊరి నుంచి వచ్చాక కూర్చుని చదివాను. మీ మీ కార్మిక చట్టాలు మీరు గట్టిగా అమలు చేసుకోండి, అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రాలను గౌరవించండి, కమిటీ వేసుకుని మాట్లాడుకోండి అని చక్కటి భాషలోనే ఉంది. తేడా వస్తే ఏంటన్నది చూస్తే, ఒప్పందంలో తగవులు తేల్చడానికి పెట్టిన ఏర్పాటు ఈ అధ్యాయానికి వర్తించదు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీఖ్టెన్‌స్టైన్‌లతో 2024 మార్చిలో చేసుకున్న ఒప్పందంలోనూ ఇదే పద్ధతి. సుంకం దగ్గర మాట తప్పితే పంచాయితీ ఉంది, కూలీ దగ్గర తప్పితే మాట్లాడుకోవడం ఉంది.

ఒప్పందాలు మంచివా చెడ్డవా అనే చర్చ నాకు అక్కర్లేదు. వాటిలో ఎవరి పేజీకి కోరలున్నాయి, ఎవరి పేజీకి లేవు అన్నదే నా గొడవ.

ఇరవై నిమిషాల్లో చెరువు దాకా

హైదరాబాదు రాకముందు ఆరేళ్లు అటువంటి ప్లాంటులోనే డాక్యుమెంటేషన్ సెక్షన్లో ఉన్నాను. నా పని రొయ్యకి జాతకం రాయడం. సీడు, అంటే రొయ్య పిల్ల, ఏ హేచరీది, చెరువుకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చిన నంబరెంత, మేత ఏ లాటుది, పట్టుబడికి ముందు తీసిన శాంపిల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ ఏదైనా ఉందా, ఏ రోజు ఎన్ని డిగ్రీల్లో గడ్డకట్టించారు, అన్నీ ఉండాలి. యూరప్ రేవుల్లో 2016 నుంచి మన సరుకులో సగానికి శాంపిల్ తీయాలని పెట్టారు. 2018 ఆఖరి నుంచి అమెరికా కూడా రొయ్య ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారిందని లెక్క అడగడం మొదలుపెట్టింది. ఎవరి చేతులు అంటే కంపెనీల చేతులని అర్థం.

ఒకసారి అమెరికా నుంచి బయ్యరు మెయిలు పెట్టాడు. పీడీ పెట్టె ఒకదానిలో, అంటే పూర్తిగా ఒలిచి నరం తీసిన రొయ్యలో, పెంకు ముక్కలు వచ్చాయట. ఫొటో కూడా పంపాడు. పెట్టె మీది కోడు పట్టుకుని ఇరవై నిమిషాల్లో చెరువు దాకా వెళ్లిపోయాను. ఉండి అనే ఊరి అవతల చెరువు, రైతు పేరు, పట్టుబడి తేదీ, అన్నీ దొరికాయి. మేనేజరు భుజం తట్టాడు. అంతలో ఊరుకోక "ఒలిచిందెవరో కూడా రాద్దామా సార్?" అన్నాను. ఫ్లోర్ సూపర్‌వైజర్ నవ్వేశాడు. "ఎవరో ఒకావిడ" అన్నాడు.

ఆ ఎవరో ఒకావిడ పేరు ఎక్కడుందో తర్వాత చూశాను. మేస్త్రి జేబులో నూట తొంభై రెండు పేజీల నోటుబుక్కు ఉంటుంది. అందులో ఊరి పేరుతో బ్యాచీలు, ఒరిస్సా బ్యాచి వేరే, పేర్ల ఎదురుగా కిలోలు. ప్లాంటు రోలు మీద, అంటే జీతాల జాబితాలో, వాళ్లెవరూ లేరు, అందరూ కాంట్రాక్టరు మనుషులు. రొయ్యకి పుట్టుక నుంచి జాతకం ఉంది, ఒలిచినావిడకి మేస్త్రి నోటుబుక్కులో సగం లైను ఉంది.

ఆడిట్ రోజు ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. బయ్యరు తరఫు మనిషి వస్తున్నాడంటే ముందు రోజే కొత్త గ్లౌజుల కట్టలు దిగేవి. ఐసు నీళ్లలో గంటల తరబడి చేతులు పెట్టేవాళ్లకి మామూలు రోజుల్లో ఇచ్చే గ్లౌజులు రెండు పూటలకే వేళ్ల దగ్గర చిరిగిపోతాయి, నీళ్లు లోపలికి పోయి చేతులు నానిపోతాయి. ఆడిట్ సాయంత్రం వ్యాను ఎక్కేముందు ఆ కొత్తవి లెక్కబెట్టి వెనక్కి తీసుకునేవాళ్లు. ఒక్క జత తగ్గిందని వ్యాను అరగంట ఆపేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నేనేమీ మాట్లాడలేదు. నాకూ జీతం వచ్చేది అక్కడి నుంచే.

కోరలు ఎవరికున్నాయి

అంతర్జాతీయ వ్యాపారంలో నిబంధనలు అమలు చేయడం కష్టమని, ఒక దేశం ఇంకో దేశం లోపలికి తొంగి చూడకూడదని మనకి చెబుతుంటారు. రొయ్య దగ్గర కూర్చుంటే ఆ మాట నిలబడదు.

తాబేలు సంగతి చూడండి. వలల్లో తాబేళ్లు చచ్చిపోతున్నాయని అమెరికా రొయ్యల దిగుమతికి షరతు పెడితే మనం, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లాం. 1998లో తీర్పు మన వైపే వచ్చింది. కానీ ఎందుకు వచ్చింది? అమెరికా ఆ షరతును దేశానికో రకంగా అమలు చేసిందని. తాబేలు కోసం షరతు పెట్టుకోవచ్చని మాత్రం ఆ తీర్పే ఒప్పుకుంది. మన ట్రాలర్ల వలల్లో తాబేలు తప్పించుకునే పరికరం లేదన్న కారణంతో సముద్రంలో పట్టిన రొయ్యని 2019 నుంచి అమెరికా మన దగ్గర తీసుకోవడం లేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన విశాఖ, కాకినాడ తీరాలకి కూడా గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి బతకాలని నాకూ ఉంది. నేనంటున్నదల్లా తాబేలుకి దారి దొరికిందని.

తినేవాడి కడుపుకీ కోరలున్నాయి. క్లోరాంఫెనికాల్ ఆనవాలు దొరికితే కంటైనరు వెనక్కి వస్తుంది, ప్లాంటు పేరు జాబితాకెక్కుతుంది. ఆ భయంతోనే మా ప్లాంటులో కోట్లు పెట్టి ల్యాబు కట్టారు. అదే ప్లాంటులో ఆడవాళ్ల బాత్రూము గడియ నేనున్న ఆరేళ్లూ విరిగే ఉంది.

ఇక పెట్టుబడి పెట్టినవాడు. ఇది మాత్రం తీరిగ్గా చెప్పుకోవాల్సిన కథ.

తొమ్మిదేళ్లు, పదకొండేళ్లు

వైట్ ఇండస్ట్రీస్ అని ఆస్ట్రేలియా కంపెనీ. 1989లో కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుని పిపర్వార్ బొగ్గు గనిలో పని చేసింది. బోనసులు, పెనాల్టీల దగ్గర తగాదా వచ్చి మధ్యవర్తుల దగ్గరికి వెళితే 2002లో కంపెనీకి అనుకూలంగా తీర్పు వచ్చింది. కోల్ ఇండియా దాన్ని కొట్టేయమని కలకత్తా హైకోర్టుకి వెళ్లింది, కంపెనీ అమలు చేయమని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ఆ తర్వాత మన కోర్టుల్లో ఏమవుతుందో మనకి తెలుసు. వాయిదా, వాయిదా, సుప్రీంకోర్టు, మళ్లీ వాయిదా.

కంపెనీ ఎనిమిదేళ్లు చూసి 2010లో ఇంకో తలుపు తట్టింది. భారత్–ఆస్ట్రేలియా పెట్టుబడుల ఒప్పందం కింద భారత దేశం మీదే కేసు వేసింది. ఆ ఒప్పందంలో కోర్టు ఆలస్యం గురించి సరిపడా మాట దొరకలేదు. అయితే 'మిగతా దేశాలవాళ్లకి ఇచ్చినంత మాకూ ఇవ్వాలి' అనే క్లాజు ఒకటుంది. దాన్ని పట్టుకుని, మనం కువైట్‌తో చేసుకున్న ఒప్పందంలో ఉన్న 'హక్కులు సాధించుకోవడానికి సమర్థమైన మార్గం' అనే వాక్యాన్ని అరువు తెచ్చుకున్నారు. 2011 నవంబరులో ముగ్గురు మధ్యవర్తులు తేల్చారు: భారత కోర్టులు తొమ్మిదేళ్లు దాటినా తేల్చకపోవడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. 40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల పైచిలుకు, వడ్డీ అదనం, కట్టమన్నారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు కోపం రాలేదు, నిజానికి భలే అనిపించింది. కోర్టుల ఆలస్యమే నేరమని ఎవరో ఒకరు అన్నారు కదా! ఆ వెంటనే మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన ఒక మిల్లులో ఇరవై ఆరేళ్లు చేశాడు. గ్రాట్యుటీ లెక్కలో ఏడేళ్ల సర్వీసు ఎగ్గొట్టారని కేసు వేశాడు. కింద గెలిచాడు, యాజమాన్యం పైకి వెళ్లింది. పదకొండేళ్లు. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాడు. ఆఖరికి సగానికి రాజీ పడ్డాడు, ఆ డబ్బు పిన్ని మోకాళ్ల ఆపరేషనుకి సరిపోయింది. తొమ్మిదేళ్లు ఆలస్యమైన కంపెనీకి 'సమర్థమైన మార్గం' చూపించే ఒప్పందం ఉంది. పదకొండేళ్లు తిరిగిన బాబాయికి ఏ కువైట్ వాక్యం అరువు దొరుకుతుంది?

విశాఖ మన్యం బాక్సైట్ కథ తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తవ్వకాలు వద్దని గిరిజనులు ఏళ్ల తరబడి కొట్లాడారు. బాక్సైట్ సరఫరా ఆగిపోయిందని రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ మన దేశాన్ని యూఏఈతో ఉన్న ఒప్పందం కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి లాగిందని మాత్రం ఆ ఊరేగింపుల్లో నడిచిన వాళ్లలో ఎంతమందికి తెలుసు? కొండ ఎవరిదో వాళ్లు ఆ గదిలో కక్షిదారులు కాదు. వాళ్లకి అక్కడ కుర్చీ ఉండదు.

వైట్ దెబ్బకి మన ప్రభుత్వం మేలుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 2015 ఆఖరులో కొత్త నమూనా ఒప్పందం తయారుచేసి, విదేశీ పెట్టుబడిదారు ముందు మన కోర్టుల్లో ఐదేళ్లు ప్రయత్నించాకే బయటికి వెళ్లాలని రాశారు. పాత ఒప్పందాలు డజన్ల కొద్దీ రద్దు చేసుకున్నారు. 2024లో యూఏఈతో కొత్తది చేసుకున్నప్పుడు ఆ ఐదేళ్లు మూడేళ్లయ్యాయి. బేరం అలాగే సాగుతుంది. ఐదా మూడా అని రెండు ప్రభుత్వాలు కూర్చుని బేరమాడాయంటే ఆ పేజీకి విలువ ఉందని అర్థం. కార్మికుల అధ్యాయంలో ఏ అంకె మీద బేరం జరిగింది?

నేనే ఒప్పుకోని వాదన

ఇంతదాకా రాసినదానికి నా పాత స్నేహితుడు ఏమంటాడో నాకు తెలుసు, ఎందుకంటే పదేళ్ల క్రితం నేనూ అదే అనేవాణ్ణి. కార్మిక షరతులు ఒప్పందాల్లోకి రానివ్వకూడదు, అది ధనిక దేశాల దొంగ ప్రేమ అని. 1996లో సింగపూర్ సమావేశంలో ఆ షరతులను ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కనివ్వకుండా ఆపినవాళ్లలో మన దేశం ముందుంది. అవి అంతర్జాతీయ కార్మిక సంస్థ చూసుకుంటుంది, మీరు తలదూర్చకండి అన్నాం.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2003 ఆఖరి రోజున అమెరికా రొయ్యల పడవలవాళ్లు మరీ తక్కువ రేటుకి సరుకు గుమ్మరిస్తున్నారంటూ ఆరు దేశాల మీద యాంటీ డంపింగ్ పిటిషను వేశారు, మనమూ అందులో ఉన్నాం. 2005 నుంచి సుంకం పడింది. అప్పట్లో అక్కడ ఒక చట్టం ఉండేది: అలా వసూలైన డబ్బు ప్రభుత్వ ఖజానాకి కాదు, పిటిషను వేసినవాళ్లకే పంచాలి. ఫిర్యాదు చేసినవాడికే జరిమానా సొమ్ము! ప్రపంచ వాణిజ్య సంస్థ తప్పని తేల్చాక 2006లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఇలాంటి చోట కార్మికుల పేరుతో కత్తి ఇస్తే దాన్ని ఎవరి మీద తిప్పుతారో ఊహించడం కష్టం కాదు. లూసియానా పడవ మీద వల లాగేవాడు కూడా కూలివాడే. అతని ఆకలికీ వదిన ఐసు నీళ్లకీ మధ్య తగవు పెట్టి మధ్యలో లాభపడే వాళ్లున్నారు, అది వేరే పోస్టు.

ఇంకో భయం ఇంతకన్నా పెద్దది. 2024 మార్చిలో అమెరికాలో మన రొయ్యల ప్లాంట్లలో కూలీల పరిస్థితి గురించి రిపోర్టు వచ్చింది, ఆంధ్రాలో ఒక ప్లాంటులో పనిచేసిన అమెరికన్ మేనేజరే కాగితాలు బయటపెట్టాడు. మావైపు దాని ఫలితం ఏంటో వదిన చెప్పింది. మేస్త్రి వ్యాన్లో అందరికీ వినపడేలా "ఎవరొచ్చి అడిగినా నోరు విప్పొద్దు, ప్లాంటు మూసేస్తే మీ ఇళ్లలో పొయ్యి వెలగదు" అన్నాడట. వదినకి అది బెదిరింపులా అనిపించలేదు. "నిజవే కదా మరిదిగారూ" అంది.

నిజమే. సుంకం రూపంలో వచ్చే శిక్ష ఎప్పుడూ కిందికే జారుతుంది. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించగానే మావైపు రేట్లు దించేశారు. 100 కౌంటు రొయ్య, అంటే కిలోకి వంద తూగే చిన్నది, అమెరికా బాట పట్టేదే తక్కువ, దాని రేటెందుకు దించారని రైతులు మొత్తుకున్నారు. ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు. ఏప్రిల్ 9న అమెరికా తొంభై రోజులు వాయిదా వేసింది. మా బావ పట్టుబడి సరిగ్గా మధ్యలో, 4వ తేదీన పడింది. "దిగేటప్పుడు లిఫ్టు, ఎక్కేటప్పుడు మెట్లు" అంటాడు ఆయన రేటు గురించి. బావ తన వంతు ఇంకా కిందికి దించాడు, చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడికి ఆ నెల జీతం ఆపి. మంచివాడే బావ. ఆయన చేతికి అందే గొంతు అదొక్కటే.

అంటే దేశం మొత్తాన్ని కొట్టే శిక్షకి నేను వ్యతిరేకినే. అలాగని ఏ శిక్షా వద్దనడం కూడా ఇక నాకు మింగుడు పడటం లేదు.

సిలావో

మెక్సికోలో గ్వానహ్వాతో రాష్ట్రంలో సిలావో అనే ఊరు. అక్కడ జనరల్ మోటార్స్ ట్రక్కుల ఫ్యాక్టరీ. అమెరికా, మెక్సికో, కెనడాల కొత్త ఒప్పందం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అందులో ఒక ఏర్పాటు ఉంది: ఫలానా ఫ్యాక్టరీలో సంఘం పెట్టుకునే హక్కు తొక్కేస్తున్నారని ఫిర్యాదు వస్తే, దేశం మీద కాకుండా ఆ ఒక్క ఫ్యాక్టరీ సరుకు మీదే చర్య తీసుకోవచ్చు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరుకు కస్టమ్స్ ఖాతాలు తేల్చకుండా ఆపేస్తారు. రేపు ఎంత సుంకం పడుతుందో తెలియక ఖాతా తెరుచుకునే ఉంటుంది. కంపెనీ ఫైనాన్సు వాళ్లకి దీనికన్నా నిద్ర చెడగొట్టేది లేదు, నేను రోజూ చూస్తుంటాను.

2021 ఏప్రిల్‌లో అక్కడ కార్మికులు పాత సంఘం చేసుకున్న వేతన ఒప్పందం మీద ఓటేస్తుంటే బ్యాలెట్లు చింపేశారు. మే నెలలో అమెరికా ఈ ఏర్పాటు కింద సంగతి తేల్చమని మెక్సికోని అడిగింది. ఆగస్టులో మళ్లీ ఓటింగు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ల పర్యవేక్షణలో, అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశీలకుల ముందు. పాత ఒప్పందం కావాలన్నవాళ్లు 2,623, వద్దన్నవాళ్లు 3,214. తర్వాతి ఫిబ్రవరిలో కొత్త స్వతంత్ర సంఘం గెలిచింది, మేలో 8.5 శాతం జీతం పెంచుకుంది. ఫ్యాక్టరీ మూతపడలేదు.

దీన్ని నేను తలకెత్తుకోవడం లేదు. ఇది పేరుకే రెండువైపులా పదును, నిజానికి మెక్సికో ఫ్యాక్టరీల మీదే తిరుగుతుంది. అమెరికా ఫ్యాక్టరీ మీద వాడాలంటే అక్కడి కార్మిక బోర్డు ముందే ఉత్తర్వు ఇచ్చి ఉండాలి. పైగా సిలావోలో కార్మికుల పేర్లు కంపెనీ రోలు మీద ఉన్నాయి, మావైపు మేస్త్రి నోటుబుక్కులో ఉన్నాయి. అయినా మనవాళ్లు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు కార్మిక షరతులే వద్దని తల అడ్డంగా ఊపే బదులు, ఇలాంటిది ప్లాంటు వారీగా, రెండు వైపులా ఒకే కొలతతో పెట్టండని అడగాలంటాను. లివర్‌పూల్ గోదాములో మన పిల్లలు చేసే షిఫ్టుకీ వర్తించాలి, భీమవరం షెడ్డుకీ వర్తించాలి. రొయ్య జాతకంలో ఒలిచినావిడ పేరు, కూలీ ఓ గడిలో రాయించడం నా ఆరేళ్ల అనుభవంలో ఒక పూట పని.

మొన్న ఫోన్లో వదినకి సిలావో కథ చెప్పాను. నాకు తెలిసినంతలో ఓట్ల లెక్కతో సహా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా వింది. వెనక టీవీ వినపడుతోంది. అయిపోయాక కాసేపాగి అడిగింది.

"ఓట్లేసిన రోజు వాళ్ల మేస్త్రి ఎక్కడున్నాడు?"